నోరున్న పిల్ల: బియాట్రిస్ గురించి మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీల షేక్‌స్పియర్ నాటకం 'మచ్ అడో అబౌట్ నథింగ్' గురించి నాలుగు ముక్కలు రాస్తే, వచ్చిన ఉత్తరాలన్నీ దాంట్ల ఉన్న బియాట్రిస్ అనే పిల్ల మీదనే వచ్చినయి, అందుకే ఈసారి పేజీ మొత్తం ఆమెకే ఇచ్చేస్తున్న. కథ తెల్వనోళ్ల కోసం జర చెప్త. ఇటలీ కింద సిసిలీ దీవిల మెస్సినా అనే ఊరు, ఆ ఊరి గవర్నర్ లియోనాటో. ఆయన బిడ్డ పేరు హీరో, అవును అమ్మాయి పేరే హీరో. అదే ఇంట్ల పెరిగిన ఇంకో పిల్ల బియాట్రిస్, ఇద్దరు వరసకు అక్కచెల్లెండ్లు, మనం లియోనాటోను ఆమెకు పెద్దనాయిన అనుకుందాం. యుద్ధం అయిపోయినంక రాజకుమారుడు డాన్ పెడ్రో, ఆయన వెంట క్లాడియో, బెనెడిక్ ఆ ఊరికి వస్తరు. క్లాడియోకు హీరోతో లగ్గం ఖాయమైతది. బియాట్రిస్, బెనెడిక్ ఎప్పుడు ఎదురుపడ్డా లొల్లే, అందుకని దోస్తులందరు కల్సి ఒక ఉపాయం చేస్తరు, 'ఆమెకు నువ్వంటే పానం' అని అతనికి వినపడేటట్టు, 'అతనికి నువ్వంటే పానం' అని ఈమెకు వినపడేటట్టు మాట్లాడుకుంటరు. ఇంతల డాన్ పెడ్రో తమ్ముడు డాన్ జాన్ కుట్ర చేసి, రాత్రిపూట కిటికీ కాడ ఒక మొగోనితో మాట్లాడే పనిమనిషిని చూపించి అది హీరోనే అని క్లాడియోను నమ్మిస్తడు. తెల్లారి పెండ్లిల అందరి ముందట క్లాడియో హీరో మీద నింద వేస్తడు. కథ ఇంతే, ఇగ ప్రశ్నలకు పోదాం.

*

ప్రశ్న: మేడం, నేను హనుమకొండల బీఏ సెకండియర్ చదువుతున్న. మా క్లాసుల అబ్బాయిలు బియాట్రిస్‌ది ఒట్టి పొగరు, అసొంటి పిల్ల ఇంట్ల ఉంటే రోజూ పంచాయితే అంటున్నరు. నాకైతే ఆమె మస్తు నచ్చింది కానీ వాళ్లకు ఏం చెప్పాల్నో తెల్వక ఊకుంటున్న.

జవాబు: బిడ్డా, వాళ్లతోని వాదన పెట్టుకునే ముందు బియాట్రిస్ నాటకంల మాట్లాడే మొట్టమొదటి మాట తీసి చూడు. యుద్ధం నుంచి దూత వచ్చిండు, ఎంతమంది పోయిన్రు, ఎవరికి పేరొచ్చింది అని పెద్దోళ్లు మాట్లాడుకుంటున్నరు, ఈమె నడుమల దూరి 'ఆ కత్తులు తిప్పే దొరవారు తిరిగొచ్చిండా లేదా' అని అడుగుతది. పేరు చెప్పదు, ఎక్కిరిస్తూ ఒక మారుపేరు వాడుతది, ఆ దూతకు ఎవరి గురించో సమజ్ కూడ కాదు, అది బెనెడిక్ గురించి అని హీరో చెప్పాల్సొస్తది. ఆ తర్వాత అతన్ని ఎంతన్న తిట్టనియ్యి, బతికొచ్చిండా లేదా అనేది ఆమెకు ముందుగాల తెల్సుకోవాలె, నాకైతే అక్కడ్నే ఆ పిల్ల మనసు దొరికిపోయింది.

ఇంకొంచెం ముందుకు పో. రెండో అంకంల డాన్ పెడ్రో 'నువ్వు బెనెడిక్ మనసు పోగొట్టుకున్నవు' అంటడు, దానికి ఆమె 'అవు దొరా, ఆ మనసు కొన్నాళ్లు నాకు అప్పిచ్చిండు, నేను వడ్డీ కట్టిన, ఒక్క మనసుకు రెండు మనసులు, అంతకుముందు ఒకసారి దొంగ పాచికలేసి నా దగ్గర గెల్చుకున్నడు' అంటది. అంటే వీళ్లిద్దరి నడుమ ముందే ఏదో అయ్యింది, ఆమె నమ్మింది, అతను చెయ్యిచ్చిండు. షేక్‌స్పియర్ ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పడు, నవ్వులాటలనే ఆ మాట దాటిపోతది, కానీ ఒకసారి దెబ్బ తిన్న పిల్ల మళ్ల అదే మనిషి ఎదురుంగ నిలబడ్డప్పుడు నోటినే అడ్డం పెట్టుకుంటది. అది పొగరని ఎట్ల అంటరు?

పొగరున్నోళ్లు పెద్ద సంబంధం వస్తే ఏం చేస్తరో మనకు తెల్సు. బియాట్రిస్‌కు అక్కడికక్కడే పెద్ద సంబంధం వస్తది, ఆ డాన్ పెడ్రోనే 'నన్ను చేసుకుంటవా' అంటడు. అతను నిజంగ అడిగిండా సరదాకు అడిగిండా అని ఇప్పటికీ యాక్టర్లు ఒక్కొక్కరు ఒక్కో తీరు చేస్తరు, నాకైతే నిజంగనే అడిగినట్టు అనిపిస్తది. దానికి ఆమె 'లేదు దొరా, పని రోజులకు నాకు ఇంకొకరు ఉంటే తప్ప, మీరు రోజూ కట్టుకునేటంత అగ్గువ బట్ట కాదు' అంటది, అనంగనే క్షమించమని అడుగుతది, నేను పుట్టిందే నవ్వులాట మాటలకని చెప్తది. రాజకుమారున్ని కాదన్నది, అతను బాధపడకుండ కాదన్నది, తనను తాను తక్కువ చేసుకోకుండ కాదన్నది. మన క్లాసు పోరగాళ్లు ఒక్కసారి ఇంత మర్యాదగ ఒక పిల్లకు జవాబు చెప్పి చూడుమను.

హీరోకు ఆమె చెప్పే బుద్ధిమాట కూడ వాళ్లకు చదివి వినిపించు. పెండ్లి ముచ్చట రాంగనే హీరో ఏం మాట్లాడదు, ఇంట్ల పెద్దలు నిర్ణయించాలె, ఆ పిల్ల తల వంచాలె. బియాట్రిస్ అంటది, మా చెల్లె పని ఏందంటే వంగి దండం పెట్టి 'బాపూ, నీ ఇష్టం' అనుడు, కానీ పిల్లగాడు మంచిగుండాలె, లేకపోతే ఇంకోసారి వంగి దండం పెట్టి 'బాపూ, నా ఇష్టం' అనాలె, అని. నాలుగొందల ఏండ్ల కిందట రాసిన మాట ఇది, దండం రెండుసార్లూ ఉన్నది, మర్యాద ఎక్కడ తప్పింది? లగ్గాల సీజన్ల మన దిక్కు ఎన్ని ఇండ్లల్ల ఆడపిల్లలు మొదటి దండం దగ్గర్నే ఆగిపోతున్నరో నీకు తెల్సు నాకు తెల్సు.

ఎగ్జామ్‌ల అయితే ఈ నాలుగు చోట్లు రాయి, అంకం నంబర్‌తో సహా, మార్కులు వాటంతట అవే వస్తయి.

*

ప్రశ్న: నమస్తే మేడం. నర్సంపేటల స్కూలు టీచర్‌ను. నాటకం మొత్తం నవ్వించుకుంట వచ్చి నడుమల ఆమె బెనెడిక్‌ను 'క్లాడియోను చంపు' అంటది. ప్రేమించినోడు ఏమన్న అడుగు చేస్త అంటే దోస్తును చంపమని అడుగుతదా? ఇది హాస్య నాటకం ఎట్లయితది?

జవాబు: సార్, మంచి ప్రశ్న అడిగిన్రు, నాటకంల నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే కాబట్టి జర పొడుగ్గనే చెప్త.

ఆ మాటకు ముందు ఏం జరిగిందో చూడాలె. చర్చిల అందరు కూడిన్రు, క్లాడియో హీరో చెయ్యి లియోనాటో చేతుల పెట్టి, ఈ కుళ్లిన నారింజ పండును మీ దోస్తుకు అంటగట్టకండి అంటడు. ముందురోజు రాత్రే అనుమానమొచ్చింది, అప్పుడే వచ్చి తండ్రిని పక్కకు పిలిచి అడగొచ్చు గదా, అడగలె, అందరు కూడినదాంక ఆగి మరీ అన్నడు. డాన్ పెడ్రో అంతటోడు అవునవును అన్నడు. హీరో పడిపోతది. కన్న తండ్రి ఏమంటడో తెల్సా, ఇక్కడ ఎవ్వరి దగ్గర నా కోసం ఒక బాకు లేదా అంటడు, పిల్ల కండ్లు తెరుస్తుంటే బతకకు హీరో, కండ్లు తెరవకు అంటడు. బిడ్డను ఒక్క మాట సరిగ్గ అడగకముందే తండ్రి తీర్పు అయిపోయింది. ఆ గుంపుల హీరో పక్కకు ఉరికి, పెద్దనాయినా, బెనెడిక్, ఫాదర్, అని అందర్ని పిల్చింది బియాట్రిస్ ఒక్కతే, మా చెల్లె మీద వేసింది అబద్ధపు నింద అని ఒట్టేసి చెప్పింది కూడ ఆమెనే.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట ఉంది, చదివేటప్పుడు చాలామంది దాటిపోతరు. బెనెడిక్ ఆమెను అడుగుతడు, నిన్న రాత్రి నువ్వు హీరో పక్కన పండుకున్నవా అని. అవును అంటే అయిపోయేది. చెల్లెను కాపాడుకోవడానికి ఒక్క అబద్ధం, అక్కడ ఎవరికీ తెల్వదు. కానీ ఆమె, లేదు, నిన్న రాత్రి తప్ప ఏడాది నుంచి ఆమె పక్కల్నే పండుకుంటున్న అని ఉన్నదున్నట్టు చెప్తది. ఆ నిజం విని లియోనాటో ఇంకింత గట్టిపడతడు, ఇగ రుజువైపోయింది అంటడు. రోజూ నోటికొచ్చింది మాట్లాడుతదని పేరు పడ్డ పిల్ల, మాట విలువ అన్నిటికంటే ఎక్కువున్న చోట ఒక్క అబద్ధం ఆడలె. నాకు ఆ లైన్ చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తది.

తర్వాత అందరు పోతరు, ఇద్దరే మిగులుతరు. అప్పటిదాంక ఏడుస్తనే ఉన్నవా అని అతనంటడు, ఇంకా కొద్దిసేపు ఏడుస్త అంటది. నీకంటే ఇష్టమైనది ఈ లోకంల నాకు ఏదీ లేదు, ఇది వింతగ లేదా అంటడు. ఆమె అటుతిప్పి ఇటుతిప్పి చివరికి, నా మనసంతా నిన్ను ప్రేమించుడుకే అయిపోయింది, ఒట్టు పెట్టేందుకు కూడ ఏం మిగల్లె అంటది. ఏమన్న చెప్పు చేస్త అంటడు అతను. అప్పుడొస్తది ఆ మాట.

దోస్తును చంపమని ఎట్ల అడుగుతదంటే సార్, ఆ కాలంల ఒక ఆడపిల్ల మీద అందరి ముందట నింద వేస్తే ఆమె తరఫున అడిగేటోడు ఉండాలె, కత్తి తీసేటోడు ఉండాలె, ఆ పని మొగోనిది. ఆ మాటకు కొంచెం ముందు ఆమెనే అంటది, ఇది మొగోడు చెయ్యాల్సిన పని, కానీ నీది కాదు, అని. తండ్రే శత్రువుల దిక్కు పోయిండు. బియాట్రిస్ దగ్గర ఉన్నది నోరొక్కటే, ఆ రోజు ఆ నోటికి ఏం బలం లేదు. అందుకే నేను మొగోన్ని అయితేనా అని మళ్లమళ్ల అంటది, మొగోన్ని అయితే అంగట్ల నడుమ నిలబడి అతని గుండె తినేటిదాన్ని అంటది. నవ్వించే తెలివి, కొట్లాడే తెలివి, అన్నీ ఉండి ఒక ఆడమనిషి చేతులు కట్టేసినట్టు నిలబడితే ఎట్లుంటదో చూపెట్టినందుకే ఈ నాటకం నిలబడ్డది అంట నేను.

మన దిక్కు కూడ ఒక ఆడపిల్ల మీద మాట పడితే ఊరు ముందుగాల అడిగేది ఆ పిల్లనే, అన్నోన్ని కాదు. క్లాడియో రెండు కండ్లతో చూసిన అన్నడు, చూసింది తప్పు. బెనెడిక్ ఏం చూడలె, ఒకే ఒక్క ప్రశ్న అడిగిండు, క్లాడియో హీరోకు అన్యాయం చేసిండని నీ ఆత్మసాక్షిగ నమ్ముతున్నవా అని. నాకు ఆత్మ ఉన్నదన్నది ఎంత నిజమో ఇదీ అంతే నిజం అన్నది. అంతే, ఇగ రుజువులు సాక్ష్యాలు అడగలె, పోయి క్లాడియోను సవాల్ చేసిండు. ఒక ఆడమనిషి మాట మీద పోయిండు. అతను ఆమెను ప్రేమించిండని నేను నమ్మేది ఆ ఒక్క పని వల్లనే, చెట్టుచాటు మాటలు విని కాదు.

హాస్య నాటకం ఎట్లయితది అన్నరు గదా, డాగ్‌బెర్రీ అనే కాపలా పెద్ద కింది మనుషులు ఆ కుట్ర చేసినోన్ని పట్టుకుంటరు, నిజం బయటపడతది, కత్తులు దూసే అవసరం రాదు. కానీ ఆ మాట మాత్రం అక్కడ్నే ఉంటది, ఎవ్వరు తుడిచెయ్యలేరు.

*

ప్రశ్న: మేడం, మాది ఖిలా వరంగల్. షేక్‌స్పియర్ వేరే నాటకాలల్ల అమ్మాయిలు మొగోళ్ల వేషం వేస్తరు గదా, బియాట్రిస్‌కు ఎందుకు వెయ్యలె?

జవాబు: చెల్లె, 'యాజ్ యూ లైక్ ఇట్' నాటకంల రోజలిండ్ మొగ వేషంల అడవికి పోయి తాను ప్రేమించినోనికే ప్రేమ పాఠాలు చెప్తది, 'మర్చంట్ ఆఫ్ వెనిస్'ల పోర్షియా వకీలు వేషంల కోర్టుకు పోయి కేసు గెలుస్తది. వేషం వేసుకున్నంక వాళ్ల మాట చెల్లుతది. బియాట్రిస్‌కు అసొంటి తొవ్వ ఇయ్యలె, లంగా ఓణీ మీదనే కొట్లాడాలె అన్నట్టు వదిలేసిండు, అందుకే మొగోన్ని అయితేనా అనే మాట ఆమె నోట్లకెళ్లి వస్తే అంత గట్టిగ తాకుతది.

మీరు కోట పక్కనే ఉన్నరు కాబట్టి మీకు చెప్పాల్సిన పని లేదు, గణపతిదేవుడు తన బిడ్డ రుద్రమను గద్దె మీద కూసోబెట్టినంక శాసనాలల్ల ఆమెను రుద్రదేవ మహారాజు అని రాసిన్రు. రాజ్యమేలే ఆడమనిషికి మొగ పేరు కావాల్సొచ్చింది. అక్కడ ఇక్కడ లోకం తీరు ఒకటే. ఇంకో ముచ్చట, షేక్‌స్పియర్ కాలంల స్టేజీ మీద ఆడోళ్లు వెయ్యకపోయేది, బియాట్రిస్ వేషం వేసింది కూడ ఒక పిల్లగాడే. మొగోన్ని అయితేనా అని ఒక పోరడు అంటుంటే లండన్ జనం విన్నరు.

*

ప్రశ్న: అక్కా, కరీంనగర్ నుంచి రాస్తున్న. పెండ్లే వద్దన్న బియాట్రిస్ చివరికి పెండ్లి చేసుకున్నది. నోరున్న పిల్ల నోరు మూయించిన్రు, ఇంతేనా కథ? మన సినిమాలల్ల కూడ పొగరున్న పిల్లను దారికి తెచ్చుడే చూపిస్తరు.

జవాబు: చెల్లె, సగం ఒప్పుకుంట సగం ఒప్పుకోను.

దారికి తెచ్చే కథ షేక్‌స్పియర్ వేరే నాటకంల రాసిండు, 'టేమింగ్ ఆఫ్ ద ష్రూ'ల కేథరిన్‌కు తిండి పెట్టకుండ నిద్ర పోనియ్యకుండ చేసి, ఆఖర్ల ఆమెతోనే మొగని కాలికింద చెయ్యి పెట్టాలె అని పెద్ద ఉపన్యాసం చెప్పించిండు. నాకది నచ్చదు, ఎంతమంది ఎన్ని అర్థాలు చెప్పినా నచ్చదు. బియాట్రిస్‌ను ఎవ్వరు ఆకలికి పెట్టలె, బెదిరియ్యలె, పెండ్లి నాటికి కూడ ఆమె నోరు అట్లనే ఉన్నది. జాలిపడి చేసుకుంటున్న అని బెనెడిక్ అంటే, అందరు బతిమాలిన్రు కాబట్టి ఒప్పుకుంటున్న, ఇంకోటి నీ పానం కాపాడుదామని, నువ్వు చిక్కి సగమైతున్నవని చెప్పిన్రు అంటది. ప్రేమ లేదు లేదు అని ఇద్దరు అంటుంటే దోస్తులు వీళ్లు దొంగచాటుగ రాసుకున్న కవితలు తీసి బయట పెడతరు, హీరో అయితే బియాట్రిస్ జేబుల నుంచి కొట్టేసింది. పెండ్లి ఆమె సొంత చేతిరాతతోని అయ్యింది.

ఒప్పుకునే సగం ఏందంటే, ఆ తర్వాత 'ఆగు, నీ నోరు మూయిస్త' అనే మాట వస్తది, మామూలుగ బెనెడిక్ అది అని ముద్దు పెడతడు. అసలు 1600ల అచ్చయిన మొదటి పుస్తకంల, 1623 నాటి పెద్ద పుస్తకంల కూడ ఆ మాట లియోనాటో పేరు మీద ఉన్నది. 18వ శతాబ్దంల థియోబాల్డ్ అనే ఎడిటర్ దాన్ని బెనెడిక్‌కు మార్చిండు, అప్పటిసంది చాలా పుస్తకాలల్ల అట్లనే వస్తున్నది. మొగోడు అన్నా పెద్దనాయిన అన్నా, ఆ మాట తర్వాత బియాట్రిస్‌కు ఒక్క డైలాగ్ కూడ లేదు. బెనెడిక్ మాత్రం నాటకం అయిపోయేదాంక మాట్లాడుతనే ఉంటడు. అది నాకు మనసుకు పట్టదు, ఇంకో రెండు లైన్లు ఆమెకు రాయాల్సిండె.

*

ప్రశ్న: మేడం, మంచిర్యాల నుంచి. ఇంగ్లీషు చదివి సమజ్ చేసుకునుడు కష్టం, సినిమా ఏమన్న ఉందా?

జవాబు: ఉన్నది తమ్మీ. 1993ల కెన్నెత్ బ్రానా తీసిండు, బెనెడిక్ వేషం ఆయనే వేసిండు, బియాట్రిస్‌గ ఎమ్మా థాంప్సన్ చేసింది, మొదలు అది చూడు. 2012ల జాస్ వీడన్ ఈ కాలం బట్టలల్ల బ్లాక్ అండ్ వైట్‌ల తీసిండు, అది తర్వాత చూడు. అదే 2012ల ఇంగ్లాండుల రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ ఈ కథను మన ఢిల్లీల జరిగినట్టు పెట్టి స్టేజీ మీద ఆడింది, బియాట్రిస్‌గ మీరా స్యాల్ వేసింది. పెండ్లి, నింద, ఇంటి పరువు, ఇవన్నీ మన దేశపు బట్టలు కడితే ఎంత సులువుగ ఒప్పుతయో ఆలోచన చెయ్యి.

*

ప్రశ్న: మేడం, నేను పరకాల దగ్గర ఊరు పిల్లను, కాలేజీ యాన్యువల్ డేకు ఈ నాటకం మూడు సీన్లు తెలుగుల చేస్తున్నం, నేనే బియాట్రిస్. గట్టిగ మాట్లాడాలె అని మా సార్ అంటున్నడు, నాకేమో భయమైతుంది. ఎట్ల చెయ్యాలె?

జవాబు: బిడ్డా, మొదలు నీకు దండాలు, తెలుగుల చేస్తున్నరంటేనే నా కడుపు నిండింది. మెస్సినా భాష అని ఏం పెట్టుకోకుర్రి, మీ ఇండ్లల్ల మాట్లాడే భాషలనే మాట్లాడుర్రి.

గట్టిగ మాట్లాడుడు కాదు, తొందరగ మాట్లాడాలె. అవతలోడు మాట పూర్తి చేస్తుంటేనే నీ జవాబు రెడీగ ఉండాలె, బావామరదళ్లు ఎదురెదురుంగ నిలబడి మాటకు మాట అంటుంటే మన ఇండ్లల్ల ఎట్లుంటదో అట్ల. రిహార్సల్‌ల బెనెడిక్ పిల్లగానితోని స్క్రిప్టు పక్కన పెట్టి ఆ తిట్లు పది సార్లు ఆడుకోండి, వేగం అదే వస్తది.

తోటల చాటుగ వినే సీన్ ఉంది గదా, అక్కడ హీరో అంటది, అదిగో బియాట్రిస్ తీతువు పిట్ట లెక్క నేలకు అంటుకొని ఉరికొస్తున్నది అని. కాబట్టి వంగి ఉరుకు, దాక్కునేందుకు పూలతీగల పందిరి అని రాసిండు, మీరు రెండు చీరలు కడితే సరిపోతది. హీరో, ఆమె తోటిపిల్ల ఉర్సులా కల్సి నీ గురించి చెడ్డగ మాట్లాడుతరు, నీ కండ్లల్ల గర్వం, తిరస్కారం ఎక్కి ఆడుతున్నయి అంటరు. ఆ మాటలు వినేటప్పుడు నవ్వించాలని చూడకు. బెనెడిక్ చాటుగ విన్నప్పుడు జనం నవ్వుతరు, నీ వంతు వచ్చేసరికి నవ్వు తగ్గాలె, నిన్ను తనకంటే ఎక్కువ ప్రేమించే చెల్లె నీ గురించి ఇట్ల అనుకుంటున్నదా అన్నది మొఖం మీద కనపడాలె. వాళ్లు పోయినంక నీకు పది లైన్లు ఉంటయి, నా మీద గర్వం అని ఇంత నింద ఉన్నదా, ఇగ గర్వానికి సెలవు, అని. అంతదాంక మామూలు మాటలల్ల మాట్లాడిన బియాట్రిస్ అక్కడ పద్యంల మాట్లాడుతది, మీ తెలుగు స్క్రిప్టుల కూడ ఆ పది లైన్లను జర పాట లయల రాయించుకోండి, నెమ్మదిగ చెప్పు.

చర్చి సీన్‌ల 'క్లాడియోను చంపు' అనే మాట అరిచినవంటే హాల్‌ల నవ్వులు పడతయి, పెద్దపెద్ద యాక్టర్లు కూడ ఆ నవ్వుకు భయపడతరు. కింది గొంతుతోని, అతని కండ్లల్లకు చూసుకుంట చెప్పు, చెప్పి కదలకు. బెనెడిక్ వేసే పిల్లగానికి ముందే చెప్పి పెట్టు, లోకమంతా ఇచ్చినా చెయ్య అనే మాట వెంటనే అనొద్దు, ఒక్క శ్వాస ఆగి అనాలె అని. తర్వాత నువ్వు పోబోతవు, అతను చెయ్యి పట్టుకుంటడు, అక్కడ్నుంచి మొగోన్ని అయితేనా అనే ముక్క మొదలైతది. మీ సార్ గట్టిగ అన్నది అక్కడ పనికొస్తది, అంగట్ల గుండె తింట అనేదాంక మెట్టు మెట్టుగ పెంచుకుంట పో, ఆ తర్వాత అతను రెండు మూడు సార్లు ఏదో అనబోతడు, ఒక్క మాట కూడ పూర్తి చెయ్యనియ్యకు. ముందు సీన్లల్ల గొంతు మిగుల్చుకో.